గేటుకి వైఫై పెట్టించే ముందు

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో గానీ, ఒంగోలు కర్నూలు రోడ్డు వైపు లేస్తున్న కొత్త ఇళ్లలో గానీ స్లైడింగ్ గేటుకి మోటారు ఉండటం ఇప్పుడు వింతేం కాదు. అమెరికాలో ఉన్న పిల్లలు అక్కడ తమ గ్యారేజ్ తలుపుని ఫోన్‌తో తెరిచి మూసి అలవాటుపడ్డారు కదా, సెలవులకి వచ్చినప్పుడు అమ్మానాన్నల ఇంటి గేటుకీ అదే పెట్టించి పోతున్నారు. పెట్టించుకోవడంలో తప్పు లేదు. కానీ అందరి దృష్టీ గేటు తెరవడం మీదే ఉంటోంది. అది మూసుకుందో లేదో ఫోన్‌కి ఎలా తెలుస్తుంది, నెట్ పోయిన రోజు ఎవరి మాట వింటుంది అని అడిగేవాళ్లు తక్కువ. నన్నడిగితే ఈ రెండిటికీ సమాధానం లేకపోతే ఆ డబ్బు మిగుల్చుకోవడమే మేలు.

వైరింగ్ చాలా చిన్న పని. మోటారు బోర్డు మీద పుష్ బటన్ కోసం రెండు టెర్మినల్స్ ఉంటాయి, వాటిని ఒక్క క్షణం కలిపితే గేటు కదులుతుంది, గోడ మీద బటన్ చేసేదీ అంతే. అమెరికా గ్యారేజ్ ఓపెనర్లలో (తలుపుని నడిపే మోటార్లలో) చాలావాటికీ ఇదే పద్ధతి. వైఫై రిలే (ఫోన్ ఆజ్ఞతో తీగల్ని కలిపి విడదీసే చిన్న స్విచ్) ఒకటి తెచ్చి ఆ రెండిటికీ కలిపితే సరిపోతుంది, కాకపోతే అది డ్రై కాంటాక్ట్ రిలే అయి ఉండాలి, అంటే తన నుంచి కరెంటు పంపకుండా రెండు తీగల్ని కలపడం మాత్రమే చేసేది. లైట్లకీ ఫ్యాన్లకీ వాడే స్మార్ట్ స్విచ్చుల్లో చాలావాటి నుంచి 230 వోల్టులు బయటికొస్తాయి, అది పుష్ బటన్ టెర్మినల్‌కి తగిలిందంటే బోర్డు కాలిపోతుంది. రిలేని ఇంచింగ్ మోడ్‌లో పెట్టి ఒక సెకను తర్వాత దానంతటదే వదిలేసేలా చూసుకోవాలి.

అసలు చిక్కు ఆ ఒక్క బటన్‌తోనే. చాలా బోర్డుల్లో ఒకసారి నొక్కితే తెరుచుకుంటుంది, మధ్యలో నొక్కితే ఆగుతుంది, మళ్లీ నొక్కితే వెనక్కి వెళ్తుంది. గేటు ముందు నిలబడి నొక్కే మనిషికి కళ్లున్నాయి కాబట్టి ఇబ్బంది లేదు. డల్లాస్‌లో కూచుని నొక్కే కొడుక్కి యాప్‌లో 'క్లోజ్' అని కనిపిస్తుంది గానీ ఇక్కడికి వచ్చేది ఆ ఒక్క నొక్కుడే, అది మూయడమో తెరవడమో రిలేకి తెలియదు. నెట్ నెమ్మదిగా ఉందని రెండోసారి నొక్కితే గేటు సగంలో ఆగిపోతుంది, యాప్ మాత్రం మూసేశానని చెబుతుంది. ఇంతకంటే ఏమీ చెప్పని యాప్ నయం. అందుకే మూసుకునే చోట ఒకటి, పూర్తిగా తెరుచుకునే చోట ఒకటి రీడ్ స్విచ్‌లు పెట్టించాలి, అయస్కాంతం దగ్గరికొస్తే కలిసే చిన్న స్విచ్‌లు అవి. రెండూ కలవకపోతే గేటు మధ్యలో ఉన్నట్టు. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే చోట్ల వాటికి నీరు చొరని పెట్టె కూడా ఉండాలి, లేకపోతే ఉప్పు తినేస్తుంది.

ఇక కరెంటు. పోవడం సంగతి అందరికీ తెలుసు, నేను చెప్పేది రావడం గురించి. కరెంటు తిరిగి రాగానే రిలే ఆన్ అయ్యేలా సెట్టింగ్ ఉంటే, అర్ధరాత్రి రెండింటికి లైన్ వచ్చిన మరుక్షణం మీ గేటు ఎవరూ అడక్కుండానే తెరుచుకుని కూచుంటుంది. 'పవర్ ఆన్ స్టేట్' అనే చోట ఆఫ్ అని పెట్టడానికి ఒక నిమిషం కూడా పట్టదు, పెట్టి వెళ్లే ఓపికే ఉండాలి.

నెట్ మీద ఆధారపడటం ఎంత పల్చటి వ్యవహారమో 2023 చివర్లో రెండు చోట్లా తెలిసొచ్చింది. అమెరికాలో గ్యారేజ్ ఓపెనర్లు చేసే చాంబర్లేన్ కంపెనీ, వాటిని ఫోన్‌తో నడిపే తన మైక్యూ సేవని బయటి సాఫ్ట్‌వేర్లు వాడుకోకుండా ఆపేసింది. అనుమతి లేకుండా వాడేవాళ్లు కొద్దిమందే అయినా సర్వర్ల మీద భారం వాళ్లదే ఎక్కువని కంపెనీ వాదన. ఇంటి పరికరాలన్నిటినీ ఒకే చోట నుంచి నడిపే హోమ్ అసిస్టెంట్ సాఫ్ట్‌వేర్ వాళ్లు ఆ ఏడాది డిసెంబరు వెర్షన్‌లో మైక్యూని తీసేయాల్సొచ్చింది. తలుపు సొంతం, మోటారు సొంతం, తాళం మాత్రం కంపెనీ సర్వర్‌లో. (దాంతో జనం రాట్‌జీడీఓ అనే చిన్న బోర్డు కొనుక్కున్నారు, పేరు విప్పితే గ్యారేజ్ డోర్ ఓపెనర్ మీద కోపం అని వస్తుంది. చాంబర్లేన్ కొత్త మోటార్లలో గోడ బటన్ కోడ్ పంపుతుంది, మామూలు రిలే పనిచేయదు, ఆ కోడ్ భాష ఈ బోర్డుకి తెలుసు.) అదే డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి రోజుల్లో మన దగ్గర కరెంటూ నెట్ రెండూ పోతే, ఎక్కడో ఉన్న సర్వర్‌కి వెళ్లి తిరిగి రావాల్సిన ఆజ్ఞ ఇక రాదు.

భద్రత వైపు చూసినా అంతే. 2023 ఏప్రిల్‌లో నెక్స్ అనే కంపెనీ గ్యారేజ్ కంట్రోలర్లన్నిటికీ ఒకే పాస్‌వర్డ్ ఉందని ఒక పరిశోధకుడు బయటపెట్టాడు, దాంతో ఎవరి తలుపైనా ఎక్కడినుంచైనా తెరవొచ్చు. ప్రభావం పడింది 40 వేలకు పైగా పరికరాల మీదని అంచనా. కాబట్టి ఆజ్ఞ ఇంట్లోనే తిరగాలి: రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద హోమ్ అసిస్టెంట్, రిలేలో కంపెనీ సర్వర్ అక్కర్లేని ఈఎస్‌పీహోమ్ సాఫ్ట్‌వేర్, రూటర్‌కి చిన్న యూపీఎస్, బయటినుంచి రావాలంటే వీపీఎన్ (ఇంటి నెట్‌వర్క్‌లోకి రహస్య దారి). శ్రమ ఎక్కువే, ఒప్పుకుంటా. అది చేతకాకపోతే ఫోన్‌లో తెరిచే సదుపాయం తీసేసి, గేటు తెరిచే ఉందని చెప్పే సెన్సర్ ఒక్కటి ఉంచుకోండి. పెద్దవాళ్లు ఉన్న ఇంటికి అసలు ఉపయోగం అదే.

దూరం నుంచి మూయడం మాత్రం నాకు భయం. అమెరికాలో 1993 నుంచి తయారయ్యే ఇళ్ల గ్యారేజ్ ఓపెనర్లకి మధ్యలో మనిషి చిక్కుకోకుండా కాపాడే ఏర్పాటు ఉండి తీరాలని చట్టం, పిల్లలు చనిపోయాక వచ్చింది అది. ఎదురుగా మనిషి లేకుండా మూసేటట్టయితే కనీసం 5 సెకన్ల ముందు నుంచి లైటు వెలగాలి, శబ్దం రావాలి. మన దగ్గర ఫోటోసెల్ (దారిలో ఎవరైనా అడ్డొస్తే కిరణం తెగి గేటుని ఆపే సెన్సర్) అనేది కొటేషన్‌లో చివరి వరస, బేరమాడితే మొదట ఎగిరిపోయేదీ అదే. ఫోటోసెల్ లేని గేటుకి రిమోట్ ఇవ్వొచ్చేమో గానీ వైఫై మాత్రం ఇవ్వకూడదు.

రిమోట్ ఎలాంటిదో కూడా అడగండి. ఎప్పుడూ ఒకే కోడ్ పంపే ఫిక్స్‌డ్ కోడ్ రిమోట్‌ని కాపీ కొట్టడం తేలిక, నొక్కిన ప్రతిసారీ కోడ్ మారే రోలింగ్ కోడ్‌దే తీసుకోవాలి, లేకపోతే వైఫైకి ఎన్ని తాళాలేసినా పక్కనుంచి దారి ఉన్నట్టే. ఇంకొకటి, దాదాపు ప్రతి మోటారుకీ, కరెంటు లేనప్పుడు గేటుని చేత్తో నెట్టేలా విడిపించే తాళంచెవి వస్తుంది. అది ఇన్‌స్టాల్ చేసిన కుర్రాడి బ్యాగులోనో, అల్మారాలో వారంటీ కాగితాల మధ్యనో ఉండిపోతుంటుంది. దాన్ని వీధి తలుపు దగ్గర మేకుకి తగిలించి, కొడుకు విమానం ఎక్కేలోపు నాన్న చేత ఒకసారి తిప్పించి, గేటు నెట్టించి చూడాలి.