అమ్మడానికి వీల్లేని నేల హైదరాబాద్‌కు కావాలి

హైదరాబాద్ శివార్లలోని మణికొండ జాగీరు భూముల కేసు తెలిసిందే. 1989 గెజిట్‌లో అక్కడి హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా వక్ఫ్, అంటే మత, ధర్మకార్యాలకు శాశ్వతంగా అంకితం చేసిన ఆస్తి, 5,506 చదరపు గజాలు. 2006 నోటిఫికేషన్‌లో అది 1,654 ఎకరాలైంది. ఆ భూమి ప్రభుత్వానిదేనని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. వక్ఫ్ చట్టం నగరాభివృద్ధికి అడ్డమని వాదించేవాళ్లకు అప్పటి నుంచీ ఇదే పెద్ద ఉదాహరణ. కానీ అక్కడ ఐటీ కంపెనీలకు, ల్యాంకో హిల్స్ రియల్ ఎస్టేట్ ప్రాజెక్టుకు ప్రభుత్వం భూములిచ్చింది ఎప్పుడు? హక్కు తేలింది ఎప్పుడు? ముందు భూములిచ్చి తర్వాత హక్కు తేల్చుకున్న ఈ తలకిందుల పని చట్టం చేసింది కాదు.

మాస్టర్ ప్లాన్‌లో నివాస ప్రాంతమని రంగు వేస్తారు. ఆ నేల ఎవరిదో రంగు చెప్పదు. లేఅవుట్ వేసి, ఇళ్లు కట్టి, జనం స్థిరపడ్డాక సర్వే నంబరు నిషేధిత జాబితాలో తేలుతుంది, రిజిస్ట్రేషన్లు ఆగిపోతాయి. బోడుప్పల్‌లో జరిగిందిదే. అప్పులు చేసి కొన్నవాళ్ల కోపం న్యాయమైనదే. వక్ఫ్ బోర్డుల నిర్వాకం గురించి ఎంత తక్కువ మాట్లాడుకుంటే అంత మంచిది.

అయినా ఈ చట్టంలో నగరానికి పనికొచ్చే గొప్ప సంగతి ఒకటుంది. 2013లో చేర్చిన 104ఎ సెక్షన్ ప్రకారం వక్ఫ్ ఆస్తిని అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, దానమివ్వకూడదు. అలాగని రోడ్లు, మెట్రో ఆగవు, ప్రజావసరాలకు భూసేకరణకు దారి ఉంది. బడికీ, ఆసుపత్రికీ 30 ఏళ్ల వరకు లీజుకివ్వొచ్చు. రేటు పెరిగిందని చేతులు మారని నేల ఇంకెక్కడ మిగిలింది? పాతబస్తీలో బడికి స్థలం లేదనే అధికారులు ముందు చూడాల్సింది ఇక్కడే.

2025 సవరణ దీన్నీ బలహీనపరిచింది. దావా వేయడానికి గడువు పెట్టే కాలపరిమితి చట్టం వక్ఫ్ ఆస్తులకు వర్తించదనే 107వ సెక్షన్‌ను తీసేశారు. ఇకపై ఏళ్ల తరబడి ఆక్రమించుకున్నవాడు ఆ ఆక్రమణనే హక్కుగా చూపి వాదించొచ్చు. అదే ఏడాది సెప్టెంబరులో సవరణలోని కొన్ని నిబంధనలపై స్టే ఇచ్చిన సుప్రీంకోర్టు దీని జోలికి వెళ్లలేదు. కబ్జానే వ్యాపారమైన ఊళ్లో దీనివల్ల లాభం ఎవరికో చెప్పాలా?

అసలు రోగం వేరే. భూమి అమ్మేదీ ప్రభుత్వమే, ప్లాన్ గీసేదీ ప్రభుత్వమే. 2023లో కోకాపేట ప్రభుత్వ భూముల వేలంలో ఎకరం వంద కోట్లు దాటితే పండగ చేసుకున్నారు. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల మీదికి బుల్డోజర్లు వెళ్లాయి, సుప్రీంకోర్టు ఆపితే ఆగాయి. పార్టీ మారినా ఖజానాకు భూమి తప్ప మరో ఆదాయం కనబడటం లేదు. అలాంటి ప్రభుత్వానికి ‘ఇది నువ్వు అమ్మలేవు’ అని చెప్పే చట్టం కంటగింపు కాక మరేమవుతుంది? 2050 మాస్టర్ ప్లాన్ ముసాయిదా పెట్టేలోగా వక్ఫ్, దేవాదాయ, సర్కారీ భూముల సర్వే నంబర్లన్నీ మ్యాపు మీద చూపించమనండి. ఎవరు వెనకాడతారో చూద్దాం.