షాంపూ సీసా వెనకవైపు ఉండే ఇంగ్రీడియెంట్స్ లిస్టు గారికి

మహారాజశ్రీ లిస్టు గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం, జుట్టు తప్ప. మీరూ క్షేమమే అయ్యుంటారు, ఎందుకంటే మీ జోలికి ఎవరూ రారు కదా. సీసా వెనకాల, బార్‌కోడ్ పక్కన, సగం ఎమ్మార్పీ స్టిక్కర్ కింద దూరి, లేత బంగారు రంగు మీద తెల్ల అక్షరాల్లో హాయిగా కాపురం చేస్తున్నారు. మిమ్మల్ని చదవాలంటే ఫోన్ తీసి ఫొటో కొట్టి రెండు వేళ్ళతో సాగదీసి చూసుకోవాలి. మొన్న సూపర్‌మార్కెట్లో నేనదే పనిలో ఉంటే అక్కడ పనిచేసే అమ్మాయి దగ్గరికొచ్చి "ఎక్స్‌పైరీకి ఇంకా చాలా టైముంది మేడం" అంది పాపం. సీసా తిప్పేవాళ్ళు ఆ ఒక్కటే చూస్తారని ఆ పిల్ల అనుభవం మరి.

ముందుగా ఒక మెచ్చుకోలు. ఆ సీసా మొత్తం మీద నిజం మాట్లాడేది మీరొక్కరే. ముందువైపు మందారం పువ్వు, దాని పక్కన ఫ్యాను గాలికి ఎగిరే ఎవరిదో జుట్టు, "వెయ్యేళ్ళ రహస్యం" అని ఇంతింత అక్షరాలు. వెనక మీరు మాత్రం నీళ్ళు, సోడియం లారెత్ సల్ఫేట్ అంటూ ఉన్నదున్నట్టు చెప్పేస్తారు. అదేం మీ మంచితనం కాదులెండి, 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ మెడ మీద కూర్చున్నాయి. 1 శాతం దాటిన సరుకంతా ఎక్కువ నుంచి తక్కువకి వరసలో రాయాల్సిందే. 1 శాతమూ అంతకన్నా తక్కువా ఉన్నవి మాత్రం ఆ తర్వాత మీ ఇష్టమొచ్చిన వరసలో రాసుకోవచ్చు. ఈ ఆఖరి వెసులుబాటులోనే ఉంది మీ కళంతా. ఆ 1 శాతం గీత ఎక్కడ పడిందో మీరు చెప్పరు, మేమే కనిపెట్టుకోవాలి. సరుకు పాడవకుండా వేసే ఫినాక్సీఇథనాల్ అనే ప్రిజర్వేటివ్‌ని యూరప్‌లో 1 శాతం దాటి వాడనివ్వరు, చాలాచోట్ల అదే లెక్క నడుస్తుంది, కాబట్టి ఆ పేరు కనపడిందంటే దాని తర్వాత ఉన్నవన్నీ చిటికెడు సరుకే అని తెలిసినవాళ్ళు ఒక గుర్తు పెట్టుకుంటారు. మందారం ఎక్కడుందా అని వెతికితే అక్కడ, ఆ గీతకి ఆవల, పెర్ఫ్యూమ్ కూడా అయ్యాక, రంగు నంబరుకి కాస్త ముందు. శుభలేఖ మీద పెద్దక్షరాల్లో పేరు వేయించి, తీరా భోజనాల దగ్గర ఆఖరి బంతిలో కూర్చోబెట్టిన చుట్టంలా ఉంది దాని పరిస్థితి.

సరే, రెండు సీసాలు పక్కపక్కన పెట్టి మీ ఇద్దరినీ చదివాను. కొలత ఒకటే, ఒకటి 180 రూపాయలు, ఇంకోటి 590. ఖరీదైన దానికి మట్టి రంగు సీసా, వెదురు లాంటి మూత, చూస్తేనే చెట్టు కింద కూర్చున్నంత చల్లగా ఉంటుంది. లోపల చూస్తే మొదటి అయిదు పేర్లూ రెండిట్లో అవే. నీళ్ళు, మురికి వదలగొట్టే సోడియం లారెత్ సల్ఫేట్, దాని ఘాటు తగ్గించి నురగ నిలబెట్టే కోకమైడోప్రొపైల్ బీటైన్ (ఇది కొబ్బరినూనె నుంచి చేస్తారు, అంటే చవక షాంపూలో కూడా కొబ్బరి ఉన్నట్టే, ఎవరూ చెప్పుకోరు అంతే), ముత్యంలా తళతళలాడ్డానికి గ్లైకాల్ డైస్టియరేట్, చిక్కబడ్డానికి సోడియం క్లోరైడ్. అవును, ఉప్పే. సీసా ఒంపి "అబ్బ ఎంత చిక్కగా ఉందో, నీళ్ళు కలపలేదు" అని మురిసిపోయేవాళ్ళ కోసం చెప్తున్నా.

వాటి కింద గువార్ హైడ్రాక్సీప్రొపైల్ట్రైమోనియం క్లోరైడ్ అని ఇంకొకాయన ఉన్నాడు. పేరు వింటే ఫ్యాక్టరీలో గ్యాస్ లీకైన వార్త గుర్తొస్తుంది గానీ ఈయన అసలు ఎవరో కాదు, మన గోరుచిక్కుడు. ఆ గింజల జిగురుని ల్యాబులో కాస్త మార్చి వేస్తారు, అది వెంట్రుకకి పట్టుకుని చిక్కు పడకుండా చూస్తుంది. రాజస్థాన్ చేలల్లో ఎండకి ఎండి ఇంత దూరం వచ్చి పని చేసేది గోరుచిక్కుడు, ఫొటో దిగేది మందారం. గోరుచిక్కుడు షాంపూ అని పేరు పెడితే ఎవరు కొంటారు చెప్పండి, కూర చేస్తేనే పళ్ళెం పక్కకి నెట్టే ఇళ్ళు మనవి.

మీ చుట్టాల సంగతి కూడా కొంచెం. బాదం హెయిర్ ఆయిల్ అని చాలా వస్తాయి, ముందువైపు బాదం పప్పుల వాన, వెనక మీవాడు మొదటి పేరే మినరల్ ఆయిల్ అనో లైట్ లిక్విడ్ పారఫిన్ అనో చెప్తాడు, అది పెట్రోలియం శుద్ధిలోంచి వచ్చే సరుకు, బాదం ఎక్కడో అడుగున. మినరల్ ఆయిల్ విషం అని నేననట్లేదు, బాదం పేరు చెప్పి దాన్ని అంటగట్టడం దేనికని. గుంటగలగరాకు నూనె పచ్చగా ఉంటే ఆకు రసం రంగే అనుకుంటాం, చివర్లో మీవాడు సి.ఐ. 61565 అని గొణుగుతాడు, నూనెలో కరిగే ఆకుపచ్చ రంగు నంబరు అది. మీ అందరిలో ఒకే ఒక్క మాటతో బతికేది కొబ్బరినూనె సీసా మీదాయనే, ఆ ఒక్క మాటకీ కోర్టు గొడవే. 2025 సెప్టెంబరు దాకా తినే నూనె అంటే పన్ను 5 శాతం, తలకి రాసేది అంటే 18. 2018లో సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరో మాట చెప్పారు, 2024 డిసెంబరులో ముగ్గురు కూర్చుని చిన్న సీసాల్లో ఉన్నా, హెయిర్ ఆయిల్ అని ముద్ర లేకపోతే తినే నూనెగానే లెక్కేయొచ్చని తేల్చారు. తర్వాత 2025 సెప్టెంబరులో హెయిర్ ఆయిల్ పన్ను కూడా 5కే దించేశారు, ఇన్నేళ్ళ వాదనా అటకెక్కింది. కేరళ వాళ్ళ సంగతి వేరు గానీ మా వైపు ఆ సీసా నూనెతో పోపు పెట్టినవాళ్ళని నేనైతే చూళ్ళేదు.

ఇంక ఈ "ఫ్రీ"ల గోల. సల్ఫేట్ ఫ్రీ అంటారు, మిమ్మల్ని చూస్తే సోడియం సి14-16 ఒలెఫిన్ సల్ఫొనేట్ ఉంటుంది, పేరుకి సల్ఫేట్ కాదు, మురికి వదలగొట్టడంలో మాత్రం ఏం తీసిపోదు. పారాబెన్ (ఇదీ ఒక ప్రిజర్వేటివే) ఫ్రీ అంటారు, దాని స్థానంలో మిథైల్ఐసోథయాజోలినోన్ అనే ఇంకో ప్రిజర్వేటివ్ వచ్చి కూర్చుంటుంది. ఈ కొత్త పెద్దమనిషికి 2013లో అమెరికాలో కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ వాళ్ళు "ఈ ఏటి అలర్జెన్" (అంటే చర్మానికి అలర్జీ తెప్పించేది) అని బిరుదు కూడా ఇచ్చారు, ఒంటికి రాసి వదిలేసే క్రీముల్లో యూరప్ దీన్ని ఆపేసింది కూడా. ముందువైపు లేనివాటి పేర్లు గొప్పగా వేస్తారు, వచ్చినవాటి పేర్లు మీ నెత్తిన పడేస్తారు.

ఇదంతా అమ్మకి చదివి వినిపిస్తే "అందుకేనే కుంకుడుకాయలు కొట్టుకుని పోసుకోమనేది, అందులో కెమికల్సు ఉండవు" అంది. కుంకుడులో నురగొచ్చేది సపోనిన్లతో, అవీ కెమికల్సే, కంట్లో పడితే ఎలా ఉంటుందో ఆదివారం తలంట్లు భరించినవాళ్ళని అడగండి. కాకపోతే కుంకుడుకాయకి ముందువైపు, వెనకవైపు అని రెండు లేవు.

నేనడిగేవి పెద్ద కోరికలేం కావు. ముందువైపు ఫొటో దిగిన పువ్వు ఎంత శాతం ఉందో ఆ ఫొటో కిందే రాయించండి, మీ 1 శాతం గీత దగ్గర నిజంగానే ఒక గీత గీయించండి, స్టిక్కర్ మీ మొహాన అంటించొద్దని ప్యాకింగ్ వాళ్ళకి చెప్పండి. అప్పటిదాకా నేను 180 రూపాయల సీసాతోనే సర్దుకుంటాను, ఎలాగూ రెండు నిమిషాల్లో కడిగి కాలవలోకి పంపేదే.

ఇట్లు,
సీసా తిప్పి చదివే ఒక కస్టమర్

తా.క.: సాషే మీద ఉండే మీ తమ్ముడికీ ఒక ముక్క రాద్దామనుకున్నా. కానీ 60 మిల్లీలీటర్ల లోపు ప్యాకెట్లకి లిస్టు వెయ్యక్కర్లేదని రూల్లోనే ఉంది, కొన్ని కంపెనీలు వేస్తున్నాయంటే అది వాళ్ళ మర్యాద. కిరాణా కొట్ల ముందు దండలు దండలుగా వేలాడేవి అవే, ఊళ్ళల్లో ఎక్కువమంది తలంటుకునేది వాటితోనే, వాటి మీద ఏ అడ్రసుకి ఉత్తరం వెయ్యాలో మీరే చెప్పాలి.