ఉత్తమ అధ్యాపకుడికి 79.79 శాతం

మా కాలేజీలో కెమిస్ట్రీ సారు ఒకాయన ఉన్నారు, ఆయన బెంజీన్ చెప్తుంటే ఫిజిక్స్ పిల్లలు కూడా వచ్చి వెనక బెంచీల్లో సర్దుకుంటారు, గంట కొట్టినా ఒక్కడూ లేవడు, ఆ తర్వాత పీరియడ్ నాది కాబట్టి నేను గుమ్మంలో చాక్‌పీసు పట్టుకుని నిలబడతా, అలా నాక్కూడా ఆర్గానిక్ కాస్తో కూస్తో వచ్చేసింది. ఇంత బాగా చెప్తారు కదా, ఉత్తమ అధ్యాపక అవార్డుకి అప్లై చెయ్యండి సార్ అని అందరం వెంటపడ్డాం. అవును మరి, నేను బాగా చెప్తానండీ అని ఎవరికి వాళ్లే దరఖాస్తు పెట్టుకోవాలి.

సారు బాగా చెప్తారని పిల్లలకి తెలుసు, మాకు తెలుసు, క్యాంటీన్‌లో టీ పోసే అబ్బాయికీ తెలుసు, కానీ ఫైలుకి తెలియాలిగా. ఫీడ్‌బ్యాక్ ఫారాలు, వాటి మీద హెచ్‌ఓడీ సంతకం, ప్రిన్సిపాల్ సంతకం, పక్కన గుండ్రటి స్టాంపు, స్టాంపు బీరువాలో, బీరువా తాళం అటెండర్ దగ్గర, అటెండరేమో మరదలి పెళ్లికి వెళ్లాడు. క్లాసు చెప్తున్నట్టు జియోట్యాగ్ ఫోటో కావాలన్నారు. ఒక కుర్రాడు తీశాడు, ఫోటోలో సారు బోర్డు దగ్గరే ఉన్నారు, కింద లొకేషన్ మాత్రం గేటు బయట టీ కొట్టు పడింది. మళ్లీ తీస్తే ఈసారి లొకేషన్ కరెక్టు, సారు కళ్లు మూసుకున్నారు. రాధాకృష్ణన్ గారు 1921లో మైసూరు వదిలి కలకత్తా వెళ్తుంటే శిష్యులే బండి లాగి స్టేషన్‌కి చేర్చారని చెప్తారు కదా, ఇప్పుడైతే బండి సరే జియోట్యాగ్ ఏదీ అని ఫైలు వెనక్కి కొట్టేవాళ్లు.

ఈ తిరుగుళ్లలో క్లాసులు పోయాయి. అవార్డు మాత్రం వచ్చింది, నిజంగానే వచ్చింది! సెప్టెంబర్ 5న శాలువా, అంతకు ముందు రోజు రిహార్సల్, శాలువా కప్పించుకుని ఫోటోకి ఎటు తిరగాలో నేర్పారట. ఇంకో రెండు రోజుల క్లాసులు హుష్.

ఏడాది చివర అప్రైజల్, అదే మా ఏడాది పనికి గ్రేడు వేసే లెక్క, వచ్చింది. 2018 యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) రెగ్యులేషన్స్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 16 గంటల క్లాసులు, 30 వారాలకి 480. అందులో 80 శాతం తీసుకుంటే గుడ్, 70 నుంచి 80 లోపుంటే శాటిస్‌ఫాక్టరీ. ఎన్ని తీసుకున్నారనే గానీ ఎలా చెప్పారని అక్కడ ఎవరూ అడగరు. సైన్స్‌లో రీసెర్చ్ పేపర్ ఒకటి జర్నల్లో పడితే 8 పాయింట్లు, మరి బెంజీన్ పిల్లాడి బుర్రకెక్కేలా చెప్తే ఎన్నంటే, ఫారంలో దానికి కాలమ్ లేనే లేదు.

మా కెమిస్ట్రీ సారువి 383 గంటలు తేలాయి. ఇంకొక్కటి ఉంటే సరిగ్గా 80 శాతం. ఇదే లెక్కలో ఇంకో సారుకి 480కి 480, గుడ్. ఆయన్ని అనడానికేం లేదులెండి, రోజూ వచ్చారు, రోజూ స్లైడ్లు చదివారు, పిల్లలు రోజూ పడుకున్నారు.

మనవాడు మెమెంటో, సర్టిఫికెట్ చంకలో పెట్టుకుని సెక్షన్‌కి వెళ్తే తోడు నేనూ వెళ్లా. సూపరింటెండెంట్ గారు పాపం మంచావిడ, క్యాలిక్యులేటర్ మీద మళ్లీ కొట్టి చూశారు. 79.79.

"రౌండ్ చేస్తే 80 అవుతుంది కదమ్మా" అన్నారు సారు.

"రౌండ్ చెయ్యమని రూల్లో లేదు సార్."

"పోనీ ఆ రెండు రోజులూ ఆన్ డ్యూటీయే కదా?"

"ఆన్ డ్యూటీ జీతానికి సార్, క్లాసు చెప్పినట్టు కాదుగా."

"మరి ఈ అవార్డు సర్టిఫికెట్ ఫైల్లో పెట్టనా వద్దా?"

"అయ్యో తప్పకుండా పెట్టండి సార్" అన్నారావిడ పంచింగ్ మెషిన్ ఇటు జరుపుతూ, "ఆ రోజు మీరు క్లాసులో లేరని ప్రూఫ్ ఉండాలిగా."