పచ్చరంగుకి ఎన్ని ఛాయలో!

రాత్రి పదకొండింటికి కొత్త వీడియో గేమ్‌లో నా క్యారెక్టర్ చేసుకుందామని కూర్చున్నాను. చర్మం రంగు మార్చే స్లైడర్‌ని నలుపు వైపు చివరిదాకా లాగితే వచ్చింది బూడిద కలిపినట్టున్న గోధుమ రంగు. ఎండలో నల్లబడిన మా నాన్న చేతుల్లో ఎర్రజీర కనిపిస్తుంది. ఇందులో ఆ ప్రాణమే లేదు. జుట్టయితే మరీ అన్యాయం. పొడుగు చెవుల మాయజాతి ఎల్ఫ్‌లకి రకరకాల జడలు, ఉంగరాల జుట్టుకి ఒక్కటే, అదీ తలమీద స్పాంజి అతికించినట్టు. ఓర్క్ అనే రాక్షసజాతి పచ్చరంగులో మాత్రం ఎన్ని ఛాయలో!

'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' అనే ఆన్‌లైన్ గేమ్ వచ్చింది 2004లో. అందులో మనుషుల పాత్రలకి నల్లజాతి, ఆసియా ముఖాలు సరిగ్గా పెట్టుకునే వీలు 2020లో గానీ రాలేదు. 16 ఏళ్లు! డ్రాగన్ పొలుసు పొలుసుకీ మెరుపు దిద్దేవాళ్లకి, నల్లటి చర్మం మీద వెలుగెలా పడుతుందో చూసే తీరిక ఉండదా?

ఊహాలోకం కదా, రంగుతో పనేంటి అంటారు. నాకు పనుంది. వంద గంటలు ఆ ముఖంతో తిరగాల్సింది నేను.