ఐదు పీఎస్ఐ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ కేబిన్ ప్రెషర్ గారికి,

తమరు పెద్ద విమానాల్లో ఉన్నంతకాలం మాకే గొడవా లేదు. టికెట్ కొన్నాం, ఎక్కాం, చెవులు కాస్త దిబ్బడేశాయి, దిగాం. తంటా ఎక్కడొచ్చిందంటే, అమెరికాలో గ్యారేజీల్లో సొంతంగా విమానం కట్టుకునేవాళ్ల బుర్రల్లోకి తమరు దూరడంతో వచ్చింది. ఏళ్లతరబడి రివెట్లు కొట్టి, అల్యూమినియం బాడీ ముప్పాతిక అయ్యాక, "దీనికి ప్రెషరైజేషన్ కూడా పెట్టేస్తే పోలా?" అంటాడు మనిషి, అంటే పైన గాలి పలచబడినా ఊపిరాడేలా లోపల గాలి ఒత్తి నింపడమన్నమాట. పోతుంది, నిజమే. ఏం పోతుందన్నదే ప్రశ్న.

పేరుకు తమరు చదరపు అంగుళానికి 5 పౌండ్లు, అదే ఐదు పీఎస్ఐ. కారు టైరు కూడా నవ్వుతుంది. కానీ మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉన్న తలుపు మీద లెక్కేస్తే 6,480 పౌండ్లు, అంటే దాదాపు 2,900 కిలోలు, ఆ తలుపును బయటికి నెడుతూ ఉంటాయి. మనవాడు బిగించినవేమో వానచుక్క లోపలికి రాకుండా ఆపే గడియలు. ఇక బల్లపరుపుగా ఉన్న పక్క గోడల సంగతి చెప్పక్కర్లేదు, తమరు లోపల కూర్చోగానే పూరీలా పొంగాలని చూస్తాయి, పైకెళ్లిన ప్రతిసారీ పొంగి, దిగిన ప్రతిసారీ అణిగి, ఏదో ఒక రివెట్ కన్నం దగ్గర సన్నగా పగులు మొదలుపెడతాయి. బ్రిటన్‌లో విమానాలు కట్టే డి హావిలాండ్ కంపెనీ వాళ్లు గ్యారేజీ మనుషులు కారు కదా! వాళ్ల కామెట్ జెట్లు రెండు 1954లో గాల్లోనే ముక్కలయ్యాయి. చివరికి ఇంకో కామెట్ బాడీని నీళ్ల తొట్టెలో పెట్టి ప్రెషర్ ఎక్కిస్తూ దించుతూ పోతేగానీ అది లోహపు అలసట అని తేలలేదు.

సరే, బాడీ ఆగిందనుకుందాం. గాలి ఎవరిస్తారు? 18 వేల అడుగుల దగ్గర బయటి గాలి ఒత్తిడి నేల మీదున్నదాంట్లో సగమే, టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే పంపు) లేని ఇంజన్ అక్కడ తనకే ఊపిరాడక సగం పవర్‌తో మూలుగుతుంటే దాన్ని తమరు అప్పు అడుగుతారా? టర్బో ఉన్నా, అది ఇచ్చేది కాలిపోయే గాలి, చల్లబరచాలి. ఎక్కువైంది బయటికి వదలడానికో వాల్వు, అది మొరాయిస్తే ఇంకో వాల్వు, కంట్రోల్ కేబుల్ బయటికెళ్లే ప్రతి కన్నానికీ ఒక సీలు. ఇన్నీ ఎక్కాక బరువు చూస్తే వెనక సీట్లో కూర్చోవాల్సిన బావగారు నేల మీదే ఆగిపోతారు.

తమరంటే నాకు పగేమీ లేదు. ల్యాన్‌కెయిర్ ఫోర్-పి అనే కిట్ విమానంలో (విడిభాగాలు కొని సొంతంగా బిగించుకునేది) దర్జాగా ఉన్నారు, 24 వేల అడుగుల్లో ఎగురుతున్నా లోపల ఎనిమిదిన్నర వేల అడుగుల్లో ఉన్నట్టే ఉంటుంది. కాకపోతే అది తమరి కోసమే గుండ్రటి కార్బన్ ఫైబర్ ఒంటితో, రెండు టర్బోలతో పుట్టింది. మధ్యలో తగిలించింది కాదు.

మనవాడికి కావాల్సిందల్లా ఒక ఆక్సిజన్ సిలిండరు, ముక్కుకో సన్నటి గొట్టం. 18 వేల అడుగుల దాకా దానికి అమెరికా రూల్సూ ఒప్పుకుంటాయి. మరెందుకు వద్దంటున్నాడయ్యా అంటే, ముక్కుకు గొట్టంతో ఫొటో బాగా రాదట!

అంచేత తమరు దయచేసి ఆ గ్యారేజీ వైపు రాకండి. రాక తప్పదనుకుంటే, ముందు పాత బాడీని తుక్కుకింద కొనే మనిషిని వెంటబెట్టుకు రండి.

ఇట్లు,
తమరి వల్ల సీటు పోయిన బావగారు