వణికే వాక్యూమ్ సిగ్నల్ గారికి

ఇంజిన్ గాలి పీల్చే గొట్టంలో పీడనం ఎంత పడిందో చెప్పే మహారాజశ్రీ మానిఫోల్డ్ వాక్యూమ్ సిగ్నల్ గారికి, హనుమకొండ నుంచి మీ బాధితుడు నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఇక్కడ మేమంతా క్షేమం, నా కారు తప్ప.

గాలిలో పెట్రోలు కలిపే కార్బురేటర్ ఉన్నన్నాళ్లూ మీ వణుకు నాకు పట్టలేదు. స్క్రూ అర చుట్టు తిప్పితే పని జరిగిపోయేది. బుద్ధి గడ్డి తిని ఆ పాత ఇంజిన్‌కు సిలిండర్‌కు ఒకటి చొప్పున నాలుగు త్రాటిల్ బాడీలు (పెడల్ తొక్కితే తెరుచుకునే గాలి తలుపులు), ఒక చిన్న కంప్యూటర్ బిగించాను. ఎంత పెట్రోలు చిమ్మాలో తేల్చే పెత్తనం మీ చేతిలో పెట్టాను.

నిమిషానికి 900 చుట్లు తిరిగే నాలుగు సిలిండర్ల ఇంజిన్ సెకనుకు 30 సార్లు గాలి పీలుస్తుందని నాకూ తెలుసు. అయితే మిమ్మల్ని ఒక్క సిలిండర్ నుంచే తీసుకున్నాను. రెండు చుట్లకొకసారి మీరు బావిలోకి దూకుతారు, మిగతా సేపంతా గట్టెక్కి బయటి గాలి పీడనం పక్కన కూర్చుంటారు. కంప్యూటర్ అడిగిన ప్రతిసారీ వేరే జవాబు. ఎనుమాముల మార్కెట్లో మిర్చి ధర కూడా ఇంత త్వరగా మాట మార్చదు! పాపం, అది మీ మాట నమ్మి ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ చిమ్మితే నిలబడ్డ కారు పూనకం వచ్చినట్టు ఊగేది. మీరు అబద్ధాలకోరని అనను. ప్రతి ఊపిరినీ విడివిడిగా చెబుతారు, అంతే. నాకు కావలసింది సగటు.

"సారూ, దీనికి ముక్కుతాడు వేయాలి" అన్నాడు ఆటోనగర్ మెకానిక్. నాలుగు సిలిండర్ల నుంచి నాలుగు గొట్టాలు తెచ్చి ఒక డబ్బాలో కలిపాడు. ఒక్కో గొట్టంలో సూది బెజ్జమంత రంధ్రమున్న పాత స్కూటర్ల పైలట్ జెట్ దూర్చాడు. (మొదట దగ్గు మందు ప్లాస్టిక్ సీసా పెట్టాడు. మీరు దాన్ని పీల్చి అప్పడం చేశారు.) ఇనుప డబ్బాకు మాత్రం లొంగారు. కంప్యూటర్ తెర మీద గీత గీసినట్టు నిలిచారు. ఆ రోజు అతనికి చాయ్ నేనే తాగించాను.

మర్నాడు కాజీపేట రైల్వే వంతెన ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కాను. గాలి లోపలికి దూసుకొచ్చింది. ఆ కబురు మాత్రం సూది బెజ్జాల్లోంచి నింపాదిగా దూరి సెన్సర్‌ను చేరే దాకా కంప్యూటర్‌కు నేను తొక్కిన సంగతే తెలియదు. గాలి నిండుగా, పెట్రోలు నిల్. ఇంజిన్ ఒక్క తుమ్ము తుమ్మి ఆగింది. వెనక లారీ డ్రైవరు హారన్ మీది చేయి తీయలేదు.

అందుచేత రాజీకి వచ్చాను. జెట్ల బెజ్జాలు కాస్త పెద్దవి చేయిస్తాను. మిగిలిన వణుకును రెండు చుట్ల నిడివికి కంప్యూటరే సగటు కట్టుకుంటుంది. పెడల్ తొక్కిన కబురు ఇకపై త్రాటిల్ పక్కనున్న సెన్సర్ నేరుగా మోస్తుంది, ఆ క్షణానికి పెట్రోలు దాని మాట మీదే పెరుగుతుంది. మీ పెత్తనంలో కోత పడిందని అలగవద్దు.

రేపు ఉదయం అదే వంతెన ఎక్కుతున్నాను. దయచేసి వేళకు రండి.

ఇట్లు,
మీ బాధితుడు