పెద్దాసుపత్రి సరే, ఊళ్లో నర్సమ్మ సంగతేంటి?

రాబోయే ఇరవై ఏళ్ల ఆరోగ్య ప్రణాళికలో మొదటి పని జిల్లాకో సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి కట్టడమేనని ఒక వ్యాసంలో రాశారు. నాకు నచ్చలేదు.

మాది చిత్తూరు. పెద్ద జబ్బు అనగానే ఇక్కడ జనం వెల్లూరు సీఎంసీకో, తిరుపతిలో స్విమ్స్‌కో రుయాకో బస్సెక్కుతారు. పెద్దాసుపత్రి మాకేమీ దూరం కాదు. అయినా మా నాన్నకు షుగర్ ఉందని తెలిసేసరికి కాలి పుండు ముదిరిపోయింది. అంతవరకు ఊళ్లో ఎవరూ రక్తపరీక్ష చేయలేదు (ఆయనా అడగలేదు లెండి). ఆరోగ్యశ్రీ 2007లో వచ్చాక ఎందరికో గుండె ఆపరేషన్లు జరిగాయి, కాదనను. బీపీని ముందే పట్టుకుంటే అందులో కొన్ని అవసరమే పడేవి కావు.

ఊరి దగ్గరే వైద్యం ఉండాలన్నది కొత్త మాటేమీ కాదు. 1946లోనే, దేశ ఆరోగ్య సేవలపై బ్రిటిష్ ప్రభుత్వం వేసిన భోర్ కమిటీ దీర్ఘకాలంలో 10 నుంచి 20 వేల జనాభాకు 75 పడకల ఆసుపత్రి ఉండాలంది. ఇప్పటి లెక్క మైదాన ప్రాంతంలో 30 వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ), అందులో ఆరు పడకలు! 2025కల్లా ఆరోగ్యంపై ప్రభుత్వ ఖర్చు జీడీపీలో 2.5 శాతం చేస్తామని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. అక్కడికీ చేరలేదు.

థాయ్‌లాండ్ 2002లో అందరికీ వైద్యం పథకం తెచ్చింది. అంతకు ఎన్నో ఏళ్ల ముందే పల్లె జిల్లాల్లో ఆసుపత్రులు కట్టి, కొత్త డాక్టర్లు అక్కడ పనిచేసి తీరాలని నియమం పెట్టుకుంది. మన దగ్గర బిల్డింగుకు శిలాఫలకం ముందు, స్టాఫు తర్వాత.